ఇంటి ప్రథమ చికిత్స పెట్టె: ఏమి ఉంచాలి, ఏమి ఉంచరాదు

కొన్నేళ్ల క్రితం ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంట గంజి వారుస్తుండగా గిన్నె జారి, మరుగుతున్న గంజి మా అమ్మగారి ముంజేతి మీద ఒలికింది. ఇంట్లో మందుల డబ్బా లేకపోలేదు. అది ఒకప్పటి బిస్కెట్ల డబ్బా. కంగారులో దానిని నేలమీద బోర్లిస్తే సగం వాడి వదిలేసిన మాత్రల అట్టలు పదకొండు, అడుగంటిన దగ్గుమందు సీసాలు రెండు, ఒక అమృతాంజనం సీసా బయటపడ్డాయి. ఒక్క శుభ్రమైన గుడ్డముక్క లేదు. నేను టూత్‌పేస్టు కోసం పరుగెత్తాను. ఇంతలో ఎదురింటి తమిళ గృహిణి లోపలికి వచ్చి, "తణ్ణి, తణ్ణి" అంటూ అమ్మగారి చేతిని కుళాయి కింద పెట్టి, కదలనీయకుండా పట్టుకున్నారు. తణ్ణి అంటే నీళ్లు. ఆ నీళ్లే ఆనాటి అసలైన ప్రథమ చికిత్స.

మరొక సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్పక తప్పదు. తమిళ పత్రాలను తెలుగు చేయడం నా ఉద్యోగం. అయినా ఆనాడు 108కు ఫోన్ చేసినప్పుడు "కాలింది" అన్న మాటకు తమిళం తోచలేదు. ఇంటి చిరునామా చెప్పడానికి కూడా తడబడ్డాను. నాకే అలా జరిగితే, నగరానికి వచ్చి ఆరు నెలలు కాని కుటుంబం సంగతి ఏమిటి? సొంత ఊరిలో ఆపద వస్తే పిలిస్తే పలికే పెదనాన్న ఉంటారు, వైద్యం తెలిసిన పొరుగింటి అవ్వ ఉంటుంది, ఆటో తెచ్చే తమ్ముడు ఉంటాడు. ఇక్కడ తొలి పది నిమిషాలు మనవే. ఆ పది నిమిషాలకు సిద్ధపడటం ఎలాగో తెలపడమే ఈ పాఠం ఉద్దేశం.

మాటలోని మెలకువ

తెలుగులో మనం "ప్రథమ చికిత్స" అంటాము. తమిళులు "ముదలుదవి" అంటారు. ముదల్ అంటే మొదటి, ఉదవి అంటే సాయం. మన మాటలో చికిత్స ఉన్నది, వారి మాటలో సాయం ఉన్నది. ఈ తేడా చిన్నదే అయినా మన డబ్బాలు ఎందుకు పాడయ్యాయో అది చెబుతుంది. చికిత్స అనగానే మనకు మందులు గుర్తుకు వస్తాయి, డబ్బా నిండా మాత్రలు చేరుతాయి. సాయం అనుకుంటే నెత్తురు ఆపే గుడ్డ, కట్టు కట్టే పట్టీ, వెలుతురు చూపే టార్చి, పిలవవలసిన ఫోన్ నంబరు గుర్తుకు వస్తాయి. పెట్టెలో ముందుగా ఉండవలసినవి ఈ రెండవ తరహా వస్తువులే. రోగం కుదర్చడం వైద్యుని పని. వైద్యుని వద్దకు చేరేవరకు ప్రాణాన్ని నిలపడం, గాయం ముదరకుండా చూడటం మన పెట్టె పని.

1948 నాటి కర్మాగారాల చట్టం ప్రతి 150 మంది కార్మికులకు ఒకటికి తక్కువ కాకుండా ప్రథమ చికిత్స పెట్టెలు ఉంచాలని యజమానులను ఆదేశించింది. ఇంటికి అటువంటి చట్టం లేదు. కత్తిపీట, పొయ్యి, వేడినీళ్లు, విద్యుత్తు, తడి నేల, పాకే పిల్లలు, తూలే పెద్దలు అందరూ ఉండే చోటు మాత్రం ఇల్లే. అందుచేత ఆ చట్టాన్ని మనకు మనమే విధించుకోవాలి.

పెట్టె, దాని చోటు

ఖరీదైన పెట్టె అక్కరలేదు. మూత గట్టిగా పట్టే, నీరు చొరని ప్లాస్టిక్ డబ్బా చాలు. లోపలి వస్తువులు బయటికి కనిపించేదైతే మరీ మంచిది. మూత మీద ఎర్ర రంగు అక్షరాలతో పేరు రాయాలి. తెలుగుతో పాటు "ముదలుదవి" అని తమిళంలో కూడా రాయించండి. మీరు స్పృహ తప్పిన వేళ దానిని వెతికేది పొరుగువారే కావచ్చు.

చెన్నై వాతావరణం మందులకు మిత్రుడు కాదు. వేడి, ఉక్క, తేమ మూడూ మాత్రలను చెరుస్తాయి. అందుచేత పెట్టెను వంటగదిలో పొయ్యి పక్కన, స్నానాల గదిలో, ఎండ పడే కిటికీ దగ్గర, ఫ్రిజ్ పైన ఉంచరాదు. పడకగదిలోనో ముందు గదిలోనో పెద్దల చేతికి అందే, పిల్లల చేతికి అందని ఎత్తైన గూడు తగిన చోటు. తాళం మాత్రం వేయవద్దు. తాళంచెవి వెతికే వ్యవధి ఆపదలో ఉండదు.

ఎత్తున ఉంచమనడానికి మరొక కారణం కూడా ఉన్నది. 2015 డిసెంబరు వరదలలో నగరంలో ఎన్నో ఇళ్లలోకి నీరు చేరింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు చెన్నైని ముంచెత్తింది. అటువంటి రోజులలో మందుల దుకాణానికి వెళ్లే దారి ఉండదు, కరెంటు ఉండదు. నేలమీది డబ్బా తేలిపోతుంది. రక్తపోటు, మధుమేహం, ఉబ్బసం, మూర్ఛ వంటి వ్యాధులకు నిత్యం మందులు వాడేవారు ఈశాన్య రుతుపవన కాలంలో కనీసం వారం రోజుల మందులను నీరు చొరని సంచిలో వేరుగా ఉంచుకోవాలి.

పెట్టెలో ఉండవలసినవి

నలుగురు ఉన్న కుటుంబానికి ఈ కింది వస్తువులు సరిపోతాయి. వీటిని ప్రయోజనాన్ని బట్టి నాలుగు చిన్న సంచులుగా విడదీసి ఉంచితే చీకటిలో కూడా చేతికి దొరుకుతాయి.

మొదటి సంచి: గాయాలకు

1. శుద్ధి చేసి విడివిడిగా కట్టిన గాజ్ గుడ్డ ముక్కలు, 10.
2. చుట్ట బ్యాండేజీలు: 5 సెంటీమీటర్ల వెడల్పువి 2, 10 సెంటీమీటర్లవి 2.
3. బ్యాండ్-ఎయిడ్ పట్టీలు, 20.
4. అంటుకునే ప్లాస్టరు చుట్ట, 1.
5. పొవిడోన్ అయోడిన్ ద్రావణం లేదా లేపనం, చిన్నది 1. ఇది దుకాణాలలో బెటాడిన్ అన్న పేరుతో అందరికీ తెలుసు.
6. చిన్న సబ్బు 1, వాడి పారేసే చేతి తొడుగులు 4 జతలు.

నెత్తురు కారుతున్నప్పుడు గాజ్ గుడ్డను మడిచి గాయం మీద పెట్టి, అరచేతితో గట్టిగా 10 నిమిషాలు అదిమి పట్టుకోవాలి. ఆగిందా లేదా అని మధ్యలో ఎత్తి చూడరాదు. ఎత్తితే అప్పుడే గడ్డకట్టిన నెత్తురు మళ్లీ కదులుతుంది. గుడ్డ తడిసిపోతే దానిని తీయకుండా పైన మరొకటి వేయాలి. పది ముక్కలు ఉంచమన్నది ఇందుకే. గాయంలో గుచ్చుకున్న గాజుపెంకునో చువ్వనో పెరికివేయకూడదు. అది కదలకుండా చుట్టూ గుడ్డ పెట్టి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

చిన్న గాయాన్ని ముందు కుళాయి నీటితో కడిగి, చుట్టూ సబ్బుతో శుభ్రపరచి, ఆ తరువాత మందు రాయాలి. దూదిని నేరుగా గాయం మీద పెట్టకూడదు. దాని పోగులు గాయానికి అంటుకుని, తీసేటప్పుడు మళ్లీ నెత్తురు వస్తుంది. కాఫీపొడి, పసుపు, సున్నం అద్దే అలవాటు ఇటు తమిళుల ఇళ్లలోనూ అటు మన ఇళ్లలోనూ ఉన్నది. అవి గాయంలో మలినాన్ని చేర్చడమే కాక, గాయం ఎంత లోతో వైద్యునికి కనబడకుండా చేస్తాయి.

బ్యాండ్-ఎయిడ్ పుట్టుక కూడా ఒక వంటింటి కథే. 1920లో అమెరికాలో ఎర్ల్ డిక్సన్ అనే ఉద్యోగి, వంట చేస్తూ తరచు వేళ్లు కోసుకునే భార్య ఒంటరిగా ఉన్నప్పుడు కూడా తానే కట్టు కట్టుకోగలిగేలా, అంటుకునే పట్టీ మీద గాజ్ ముక్కలు అమర్చి ఇచ్చాడు. ఇంట్లో ఒంటరిగా ఉండేవారిని తలచుకుని చేసిన వస్తువు అది. మన పెట్టెను కూడా ఆ దృష్టితోనే అమర్చాలి. పగలంతా ఇంట్లో ఉండే వ్యక్తి ఒంటి చేత్తో తెరవగలగాలి.

రెండవ సంచి: కాలిన గాయాలకు, బెణుకులకు

1. పారఫిన్ పూసిన గాజ్ గుడ్డ, 2 లేదా 3. ఇది కాలిన చర్మానికి అంటుకోదు.
2. క్రేప్ బ్యాండేజీ, 1.
3. ముక్కోణపు గుడ్డలు, 2. కొననవసరం లేదు. ఉతికి ఆరవేసిన పాత నూలు చీర లేదా పంచె నుంచి మీటరు చదరపు ముక్క కత్తిరించి, మూలగా కోస్తే రెండు వస్తాయి. విరిగిన చేతిని మెడకు వేలాడదీయడానికి ఇంతకంటె మంచి సాధనం లేదు.

కాలిన చోటును 20 నిమిషాల పాటు పారే కుళాయి నీటి కింద ఉంచాలి. గడియారం చూసి లెక్కించండి. బాధలో 2 నిమిషాలే 20గా తోస్తాయి. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసివేయాలి. మంచుగడ్డ, టూత్‌పేస్టు, సిరా, నెయ్యి, గోధుమపిండి, గుడ్డుసొన ఏదీ పూయరాదు. బొబ్బలు చిదపకూడదు. చర్మానికి అతుక్కున్న బట్టను లాగకూడదు. తరువాత అంటని గుడ్డతో వదులుగా కప్పాలి. బాధితుని అరచేతికి మించి కాలినా, ముఖం, కీళ్లు, మర్మావయవాలు కాలినా, కాలినవారు పసిపిల్లలో వృద్ధులో అయినా ఆసుపత్రికి వెళ్లవలసిందే. నగరంలో కీల్పాక్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో కాలిన గాయాలకు ప్రత్యేక విభాగం ఉన్నది.

మూడవ సంచి: జ్వరానికి, విరేచనాలకు

1. పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్రలు, ఒక అట్ట. పిల్లలున్న ఇంట్లో వైద్యుడు సూచించిన బలం గల పిల్లల సిరప్, కొలత మూతతో సహా.
2. ఓఆర్ఎస్ పొట్లాలు, 5.
3. డిజిటల్ థర్మామీటరు, 1.
4. ఇంట్లో ఎవరికైనా వైద్యుడు రాసిచ్చిన అత్యవసర మందు, ఉదాహరణకు ఉబ్బసానికి ఇన్‌హేలరు.

పెద్దలు పారాసిటమాల్ ఒక మోతాదుకూ మరొక మోతాదుకూ మధ్య కనీసం 4 నుంచి 6 గంటల వ్యవధి ఇవ్వాలి. 24 గంటలలో అన్నీ కలిపి 4 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిది, మించరాదు. జలుబు మాత్రలలో కూడా తరచు పారాసిటమాల్ కలిసి ఉంటుంది. రెండూ వేసుకుంటే తెలియకుండానే మోతాదు పెరిగి కాలేయానికి హాని జరుగుతుంది. కాలేయ వ్యాధి ఉన్నవారు, మద్యం అలవాటు ఉన్నవారు వైద్యుని అడగకుండా వాడకూడదు. పిల్లలకు మోతాదు వయసును బట్టి కాక బరువును బట్టి ఉంటుంది. ఒకే పేరుతో అమ్మే సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములున్న సీసా, 250 మిల్లీగ్రాములున్న సీసా రెండూ దొరుకుతాయి. సీసా మారితే మోతాదు రెట్టింపు కావచ్చు. ఇంటి చెంచాతో ఎన్నడూ కొలవవద్దు.

వానాకాలంలో ఈ నగరంలో డెంగీ జ్వరాలు వస్తాయి. జ్వరానికి కారణం తెలియనప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోరాదు. డెంగీలో అవి రక్తస్రావాన్ని పెంచగలవు.

ఓఆర్ఎస్ గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో బనగాం శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించి, సెలైన్ సీసాలు చాలనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని తాగించి ఎందరినో కాపాడారు. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం ఒక లీటరు నీటికి 20.5 గ్రాముల పొడి ఉండాలి. అందులో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, ట్రైసోడియం సిట్రేట్ 2.9, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు ఉంటాయి. పొట్లం మీద ఈ లెక్క ఉన్నదో లేదో చూసి కొనండి. రంగు పెట్టెలలో వచ్చే తీపి పానీయాలు ఓఆర్ఎస్ కావు. ఆ పేరుతో అమ్ముడయ్యే తీపి పానీయాలకు వ్యతిరేకంగా హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో భారత ఆహార భద్రతా ప్రమాణాల ప్రాధికార సంస్థ అటువంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడరాదని ఆదేశించింది. తీపి ఎక్కువైన నీరు విరేచనాలను తగ్గించకపోగా పెంచుతుంది.

పొట్లం మీద ఎన్ని నీళ్లని ఉంటే అన్ని నీళ్లలో పొడి మొత్తం ఒకేసారి కలపాలి. సగం పొడి సగం గ్లాసు అన్న లెక్క పనికిరాదు. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి. పొట్లం దొరకని వేళ, ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు తలగొట్టిన చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి తాత్కాలికంగా వాడవచ్చు.

నాల్గవ సంచి: పనిముట్లు

మొన చదునుగా ఉన్న కత్తెర 1, ముల్లు తీసే ట్వీజరు 1, పిన్నీసులు 6, టార్చి 1, చిన్న పుస్తకం, పెన్ను. పుస్తకంలో ఎవరికి ఏ మందు, ఎన్ని గంటలకు ఇచ్చారో రాయాలి. రాత్రి వేళ తల్లి ఒకసారి, తండ్రి ఒకసారి పిల్లవానికి అదే మందు పట్టించే పొరపాటు దీనితో తప్పుతుంది.

పెట్టెలో ఉండకూడనివి

గడువు తీరిన మందులు, పేరు చిరిగిపోయిన అట్టలు, ఒకరికి రాసిచ్చి మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు పెట్టెలో ఉండకూడదు. గొంతు నొప్పికి పోయినసారి మిగిలిన మూడు మాత్రలు మింగితే జబ్బు పోదు, ఆ మందుకు లొంగని సూక్ష్మజీవులు మాత్రం పెరుగుతాయి.

పిల్లల దగ్గుమందులు కూడా వద్దు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో కలుషితమైన దగ్గుమందు తాగి చిన్నపిల్లలు మరణించారు. అప్పుడు కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వరాదని, ఐదేళ్లలోపు వారికి సాధారణంగా అవి తగవని మళ్లీ గుర్తుచేసింది.

ఇక అమృతాంజనం. తెలుగువారికి ఇది పరాయి వస్తువు కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో ప్రారంభించిన ఈ మందు, తరువాతి కాలంలో మద్రాసు చేరి, ఈ నగరపు వస్తువే అయింది. మైలాపూరు లజ్ ప్రాంతంలోని ఉద్యానవనం నేటికీ ఆయన పేరుతోనే ఉన్నది. తలనొప్పికి నుదుట రాసుకోవడానికి అది ఉండవచ్చు. అయితే అది గాయం మందు కాదు. తెగిన చోట, కాలిన చోట, కంటి దగ్గర రాయకూడదు. కర్పూరం, మెంథాల్ ఉన్న ఏ లేపనాన్నీ పసిబిడ్డల ముక్కు దగ్గర రాయరాదు. వారికి ఊపిరి ఆడకుండా పోవచ్చు. కర్పూరం మింగితే మూర్ఛ కూడా వస్తుంది. కాబట్టి దానిని పిల్లలకు అందని చోట ఉంచాలి.

మూత లోపలి కాగితం

పెట్టెలోని వస్తువులన్నింటిలో వెల లేనిది, విలువైనది ఇదే. మూత లోపలి వైపు ఒక కాగితం అంటించండి. దాని మీద ఉండవలసినవి:

ఒకటి, నంబర్లు. అంబులెన్సుకు 108. మన హైదరాబాదులో 2005 ఆగస్టు 15న మొదలైన ఈ సేవ 2008లో తమిళనాడుకు వచ్చింది. నంబరు అదే, ఇక్కడ కూడా ఉచితమే. అన్ని అత్యవసరాలకు 112. ఇద్దరు పొరుగువారి నంబర్లు, మీ కుటుంబ వైద్యుని నంబరు.

రెండు, మీ చిరునామా తమిళ లిపిలోను, దానినే చదవగలిగేలా తెలుగు లిపిలోను. ఇంటి నంబరు పాతదీ కొత్తదీ రెండూ ఉంటే రెండూ రాయండి. దగ్గరలోని గుడి, మసీదు, చర్చి, పాఠశాల, బస్ స్టాపు ఏదైనా ఒక గుర్తు రాయండి. మీ పొరుగువారితో ఒకసారి చదివించి సరిచూసుకోండి.

మూడు, ఇంట్లో ప్రతి ఒక్కరి పేరు, వయసు, రక్తపు గ్రూపు, నిత్యం వాడే మందులు, పడని మందులు.

నాలుగు, ఈ తమిళ మాటలు:

నెత్తురు – రత్తం
గాయం – కాయం
కాలిన గాయం – తీక్కాయం
నొప్పి – వలి
గుండె నొప్పి – నెంజు వలి
మూర్ఛ, ఫిట్స్ – వలిప్పు
స్పృహ తప్పడం – మయక్కం
ఆయాసం, ఊపిరాడకపోవడం – మూచ్చు తిణరల్
జ్వరం – కాయ్చల్
వాంతులు – వాంది
విరేచనాలు – వయిత్తుపోక్కు
కుక్కకాటు – నాయ్ కడి
పాముకాటు – పాంబు కడి
చిన్నబిడ్డ – కుళందై
చిరునామా – ముగవరి
త్వరగా రండి – సీక్కిరం వాంగ

ఇందులో రెండు మాటలను వేరుగా గుర్తుంచుకోవాలి. వలి అంటే నొప్పి, వలిప్పు అంటే మూర్ఛ. ఒక్క అక్షరం తేడాతో అవతలివారికి వేరే అర్థం చేరుతుంది. వారు అడిగే ప్రశ్నలు, చెప్పే సూచనలు దానిని బట్టే మారుతాయి. తక్కిన మాటలు మనకు అంత దూరమైనవి కావు. మన గాయమే వారి కాయం, మన మందే వారి మరుందు, మన మాత్రే వారి మాత్తిరై. రెండుసార్లు బిగ్గరగా చదివితే నోటికి వస్తాయి.

పెట్టెకు మించిన ఆపదలు

కొన్ని ఆపదలకు పెట్టెలో మందు ఉండదు, ఉండనవసరం లేదు. అప్పుడు ఏమి చేయకూడదో తెలిసి ఉండటమే సాయం.

కుక్క కరిచినా గీరినా, పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కట్టు బిగించకూడదు. కారం, సున్నం, నూనె రాయకూడదు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ టీకా అక్కడ ఉచితం. లోతైన గాయమైతే టీకాతో పాటు గాయంలోకే ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి. చెప్పిన తేదీలలో టీకాలన్నీ పూర్తి చేయాలి. ఊరికి వెళ్లవలసి వస్తే చీటీ వెంట తీసుకువెళ్లి అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో తరువాతి టీకా వేయించుకోండి. రేబిస్ లక్షణాలు కనబడిన తరువాత ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.

పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం మూడూ తప్పే. కరిచిన అవయవాన్ని కదలనీయకుండా, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి. చెన్నైకి దక్షిణాన ఉన్న వడనెమ్మేలిలో 1978లో ఏర్పడిన ఇరుళర్ సహకార సంఘం వారు పాముల నుంచి విషాన్ని సేకరిస్తారు. విరుగుడు మందు తయారీకి ఆ విషమే ఆధారం. ఆ విరుగుడును వైద్యుల పర్యవేక్షణలో నరం ద్వారానే ఇవ్వాలి. పామును చంపి తేవడానికి సమయం వృథా చేయవద్దు.

మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళంచెవులు పెట్టడం, నోటిలో చెంచా దూర్చడం కూడదు. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తొలగించి, తల కింద మెత్తని గుడ్డ ఉంచి, కుదుపులు తగ్గాక పక్కకు ఒత్తిగిలజేయాలి. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే 108కు ఫోన్ చేయాలి.

పిల్లలు కిరోసిన్, ఫినాయిల్, యాసిడ్ తాగితే వాంతి చేయించకూడదు. తాగిన సీసాను వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లలకు సంబంధించిన అత్యవసరాలకు ఎగ్మూరులో ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి ఉన్నది. చెన్నై సెంట్రల్ రైల్వే స్టేషను దగ్గర రాజీవ్ గాంధీ ప్రభుత్వ సార్వజనిక ఆసుపత్రి, ఉత్తర చెన్నై వారికి స్టాన్లీ ఆసుపత్రి, దక్షిణ మధ్య ప్రాంతాలవారికి రాయపేట ఆసుపత్రి ఉన్నాయి. చిన్న అవసరాలకు మీ వార్డుకు దగ్గరలోని కార్పొరేషన్ నగర ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఎక్కడ ఉన్నదో ఆరోగ్యంగా ఉన్న రోజుననే నడిచి వెళ్లి చూసి రండి. వైద్యానికి తమిళం రావడం షరతు కాదు. అర్థం కానిదానిని మళ్లీ అడగడానికి సంకోచించవద్దు.

కొనడం, కాపాడుకోవడం

అన్నీ ఒకేసారి కొనలేకపోతే నెల నెలా ఒక సంచి చొప్పున కొనండి. మొదటి నెలలో గాయాల సంచి, మూత లోపలి కాగితం సిద్ధమైతే సగం పని అయినట్లే. మాత్రల వంటివి జన ఔషధి కేంద్రాలలోను, 2025 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం ప్రారంభించిన "ముదల్వర్ మరుందగం" దుకాణాలలోను తక్కువ వెలకు దొరుకుతాయి. కొనేటప్పుడు గడువు తేదీ చూసి, ఇంటికి వచ్చాక దానిని పెద్ద అక్షరాలతో అట్ట మీద రాయండి. మాత్రల అట్టను కత్తిరించేటప్పుడు గడువు తేదీ ఉన్న వైపును చివరిదాకా మిగల్చండి.

ఆరు నెలలకొకసారి పెట్టెను విప్పి చూడాలి. తేదీ గుర్తుండటానికి ఏదైనా పండుగను ఆనవాలుగా పెట్టుకోవచ్చు. మా ఇంట ఉగాదినాడు ఒకసారి, ఆయుధపూజనాడు ఒకసారి విప్పుతాము. ఆయుధపూజకు పనిముట్లు తుడిచే అలవాటు ఎలాగూ ఉన్నది. పైగా ఈశాన్య రుతుపవనాలు రావడానికి ముందు వచ్చే పండుగ అది. గడువు తీరినవి తీసివేయాలి, వాడినవి తిరిగి చేర్చాలి, టార్చి వెలిగించి చూడాలి, గడ్డకట్టిన ఓఆర్ఎస్ పొట్లాలు మార్చాలి. తీసివేసిన మందులను సీసాలతో సహా చెత్తలో పడవేయక, మాత్రలను అట్టనుంచి విప్పి, వాడిన టీపొడి వంటి దానిలో కలిపి, సంచిలో మూటకట్టి పారవేయాలి. అప్పుడు చెత్త ఏరేవారి పిల్లలకు అవి చిక్కవు.

మా అమ్మగారి ముంజేతి మీద ఇప్పుడు చిన్న మచ్చ మాత్రమే మిగిలింది. "ఆ నీళ్లే లేకపోతే ఇది చేయంతా ఉండేది" అని ఆసుపత్రిలోని నర్సు ఆనాడే చెప్పారు. బిస్కెట్ల డబ్బా స్థానంలో ఇప్పుడు మూత మీద రెండు లిపులలో పేరు రాసిన పెట్టె ఉన్నది. లోపలి కాగితంలో పొరుగువారి నంబర్లలో మొదటిది ఎదురింటి ఆమెదే.

అభ్యాసం

1. ఈ వారమే మీ మందుల డబ్బాను కుటుంబమంతా కూర్చుని నేలమీద పరచండి. గడువు తీరినవి ఎన్ని, కట్టు కట్టడానికి పనికివచ్చేవి ఎన్ని? లెక్క రాయండి.
2. మీ చిరునామాను తమిళంలో రాయించి, చూడకుండా చెప్పడం ఇంట్లో ప్రతి ఒక్కరూ, ఎనిమిదేళ్లు దాటిన పిల్లలతో సహా, నేర్చుకోండి.
3. కాలిన గాయాన్ని ఎన్ని నిమిషాలు నీటి కింద ఉంచాలి? నెత్తురు కారే గాయాన్ని ఎన్ని నిమిషాలు అదమాలి? కుక్కకాటును ఎన్ని నిమిషాలు కడగాలి?
4. వలి, వలిప్పు అన్న మాటల తేడా ఏమిటి? రెండింటినీ వాక్యంలో వాడి మీ తమిళ పొరుగువారికి వినిపించండి.
5. రాత్రి దీపాలన్నీ ఆర్పి, పెట్టెను తీసి గాజ్ గుడ్డను బయటికి తేవడానికి ఎంత సమయం పడుతుందో చూడండి. ఒక నిమిషం మించితే పెట్టె చోటు మార్చండి.